మెరీనాలో సూర్యుడు మునగడు

మైలాపూరు, చెన్నై

చి. సౌ. అమ్మాయికి ఆశీస్సులు.

నువ్వు పంపిన వ్యాసమూ, దాంతో పాటు పెట్టిన ఉత్తరమూ అందాయి. రెండు రోజుల్లో మీ ఆయనతో చెన్నై చుట్టేసి పన్నెండు పేజీలు రాశావు. నీ ఓపికకు మెచ్చుకోవాలి. అయితే ఉన్న మాట చెప్తాను, కోపం తెచ్చుకోకు. వ్యాసం కంటే ఉత్తరమే బాగుంది.

ముందు ఒక తప్పు సంగతి. ఏడో పేజీలో "మెరీనా తీరాన సూర్యుడు ఎర్రటి బంతిలా సముద్రంలోకి జారిపోతుంటే మావారి భుజం మీద తల వాల్చాను" అన్నావు. మనది తూర్పు తీరం కదమ్మా! మెరీనాలో సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు. కుంకేది మన వీపు వెనక, ఊళ్లోకి. నెల్లూరు పిల్లవి, మైపాడు బీచి చూస్తూ పెరిగినదానివి, ఇది నీకు తెలియక కాదు. సాయంత్రం, సముద్రం, కొత్త జంట అనుకోగానే సూర్యాస్తమయం దానంతటదే కలంలోంచి దిగిపోయింది. అది నువ్వు చూసింది కాదు, ఎక్కడో చదివింది.

నేను ఇరవై ఏళ్లుగా సాయంత్రం పూట అక్కడికి నడుస్తున్నాను. ఆరు దాటాక వెలుగు వెనక నుంచి తగ్గుతూ వస్తుంది. రోడ్డవతల సెనేట్ హౌస్ గుమ్మటాలు నల్లబడతాయి. ఎదురుగా నీళ్లు సీసం రంగుకు తిరిగి, ఆకాశానికీ సముద్రానికీ మధ్య గీత చెరిగిపోతుంది. ఎరుపూ తెలుపూ పట్టీల లైట్‌హౌస్ మీంచి దీపం తిరగటం మొదలవుతుంది. గుగ్గిళ్లమ్మే సుండల్ కుర్రాడు "తేంగా మాంగా పట్టాణి సుండల్" అని పాటలా అరుచుకుంటూ పోతాడు. రోడ్డు నుంచి నీళ్ల దాకా ఆ ఇసుకలో నడిచేసరికి పిక్కలు లాగుతాయి, చెప్పులు చేతిలోకి వస్తాయి. నీ వ్యాసంలో ఇసుకే లేదు. దాని బదులు "ప్రపంచంలో రెండో పొడవైన బీచ్" అని ఉంది. ఆ వాక్యం నేను ఎన్ని వ్యాసాల్లో చదివానో! టేపు పట్టుకుని కొలిచొచ్చి రాసినవాడు ఒక్కడూ కనపడలేదు.

నిన్ను అనటానికి నాకేం హక్కుందిలే. పెళ్లయిన కొత్తలో మీ పిన్నికి మద్రాసు చూపించి, ఇలాంటిదే పదిహేను పేజీలు రాసి ఒక పత్రికకు పంపాను. సంపాదకుడు తిప్పి పంపుతూ మార్జిన్‌లో పెన్సిల్‌తో రెండే ముక్కలు రాశాడు: "ఆవిడ ఎక్కడ?" చూసుకుంటే నిజమే. పదిహేను పేజీల్లో మీ పిన్ని ఒక్కసారి కూడా నోరు విప్పలేదు. ఆవిడ పది నిమిషాలు నోరు విప్పకుండా ఉందంటే మా ఇంట్లో ఎవరూ నమ్మరు.

ఇప్పుడు నీ ఉత్తరం. అందులో ఏం రాశావో మళ్లీ చదువుకో. "శుక్రవారం పొద్దున ఎగ్మోర్ మ్యూజియానికి వెళ్తే సెలవు. ముందే చూసుకోమన్నాను కదా అని ఈయన మీద అరిచాను. పాంథియన్ రోడ్డులో అరగంట ఎడమొహం పెడమొహంగా నిలబడ్డాం బాబాయిగారూ, తల్చుకుంటే ఇప్పుడు నవ్వొస్తోంది." శుక్రవారం ఆ మ్యూజియానికి వారపు సెలవని ఊళ్లో ఉన్న మేమే మర్చిపోతాం, మీ ఆయన్ని ఏమనకు. కానీ వ్యాసంలో ఈ గేటేది? "1851లో నెలకొల్పిన ఈ మ్యూజియంలో" అని మొదలుపెట్టి నేరుగా లోపలికి వెళ్లిపోయావు. శనివారం మళ్లీ వచ్చారని కూడా లేదు. అలిగిన మనిషి అమరావతి శిల్పాల దాకా ఎలా వచ్చింది? ఎవరు ముందు మాట్లాడారు?

అమరావతి గదిని "కన్నుల పండువగా ఉంది" అని ఒక్క ముక్కలో తేల్చేశావు. అక్కడ నలగిరి ఏనుగు ఫలకం ఉంది, గుండ్రటిది, చూసే ఉంటావు. దాదాపు 1800 ఏళ్ల నాటి పలనాటి సున్నపురాయి. ఒకే చక్రంలో రెండు క్షణాలు. ఒక పక్క మదమెక్కిన ఏనుగు వీధిలో పడి ఒకణ్ణి తొండంతో పట్టి ఈడుస్తోంది. ఇంకో పక్క అదే ఏనుగు బుద్ధుడి ముందు మోకాళ్ల మీద వంగింది. కథ అంతే. శిల్పి అక్కడితో ఆగితే ఎవరూ తప్పు పట్టేవారు కాదు. వాడు ఆగలేదు. మేడ కిటికీల్లోంచి తొంగిచూస్తున్న జనాన్ని చెక్కాడు. బెదిరిపోయి పక్కనున్న మగవాణ్ణి కరుచుకున్న ఒక ఆడమనిషిని చెక్కాడు. ఏనుగు కథ ఆ కాలంలో అందరికీ తెలిసిందే. నేను మాత్రం ప్రతిసారీ ఆ కిటికీల కోసమే వెళ్తాను.

1845లో వాల్టర్ ఇలియట్ అనే కంపెనీ దొర అమరావతిలో తవ్వించిన రాళ్లు మద్రాసు చేరటం, వాటిలో కొన్ని తర్వాత ఓడెక్కి లండన్ పోవటం, ఇవన్నీ నువ్వు వరసగా ఒక పేరాలో కుక్కావు. రాయి, వద్దనను. అయితే ఎక్కడ రాయాలో చూసుకో. "మన కృష్ణ ఒడ్డు రాయిని చూడటానికి చెన్నై దాకా రావాలా?" అని మీ ఆయన అడిగే ఉంటాడు. అడిగితే, ఆ మాట పక్కన పెట్టు. అడక్కపోతే సగం కొట్టెయ్.

ఆటో అతను మీతో "దయచేసి కూర్చోండి, నూట యాభై రూపాయలు అవుతుంది" అన్నాడట. ఎవరమ్మా ఆ మహానుభావుడు! "ఉక్కారుంగ" అని ఉంటాడు. మీ మాట చెవిన పడగానే "తెలుగా? నెల్లూరా?" అని ఉంటాడు. అలాగే రాయి, మనవాళ్లకు అర్థమవుతుంది. ఇంకోటి, "వర్ణనాతీతం" అని ఐదు చోట్ల ఉంది. వర్ణించటానికే కదా కూర్చున్నావు?

టి. నగర్ పేజీలో చీరల ధరలు ఒకటి ఉంచి తక్కినవి తీసెయ్. రంగనాథన్ వీధి తొక్కిసలాటలో మీ ఆయన నీ చెయ్యి వదల్లేదన్న మాట ఉత్తరంలో ఉంది, వ్యాసంలో లేదు. సిగ్గుపడ్డావు. తప్పిపోతావన్న భయంతో పట్టుకున్నాడని నువ్వే అన్నావు కాబట్టి, అందులో సిగ్గుపడేదేమీ లేదు.

మైలాపూరు వస్తూ రాయపేట హైరోడ్డు మీదుగా వచ్చామన్నావు. 1952లో పొట్టి శ్రీరాములు గారు 58 రోజులు నిరాహార దీక్ష చేసి ప్రాణం విడిచిన 126వ నంబరు ఇల్లు ఆ రోడ్డులోనే. మీ ఆటో దాని ముందు నుంచే పోయి ఉండొచ్చు. ఈ సంగతి నేను చెప్పాను కదా అని వ్యాసంలో అతికించకు. దిగి చూడలేదు, వదిలెయ్. ఈసారి వచ్చినప్పుడు నేనే తీసుకెళ్తాను.

పన్నెండు పేజీలూ చింపనక్కర్లేదు. గేటు దగ్గర మొదలుపెట్టి నాలుగు పేజీలు రాసి పంపు. మీ ఆయనకు చూపించి మరీ పంపు, ఆయన ఒప్పుకోని వాక్యం ఉంటే దాని కింద గీత గీసి అలాగే ఉంచు. ఈసారి పినాకినిలో వచ్చేటట్టయితే ముందుగా ఫోన్ చెయ్యండి, సెంట్రల్‌కి వస్తాను. హోటలు వద్దు, మీ పిన్ని ఊరుకోదు.

అన్నట్టు, ఆ అరగంట తర్వాత మీ ఆయన ఏమన్నాడో ఉత్తరంలో కూడా రాయలేదు నువ్వు. మీ పిన్ని రెండుసార్లు అడిగింది.

ఇట్లు,
బాబాయి