ఆఖరి పేజీ తర్వాత

చి. బుజ్జికి,

అత్తయ్య ఆశీస్సులు. రాత్రి రెండున్నరకి నువ్వు పెట్టిన మెసేజ్ పొద్దున కాఫీ తాగుతూ చూశాను. "అయిపోయింది అత్తయ్యా, ఇప్పుడు నేనేం చెయ్యను?" అని రాశావు. ఆ పారానార్మల్ రొమాన్స్ సిరీస్, అదే మానవాతీత శక్తులున్న ప్రేమకథలు, ఏడు పుస్తకాలూ పదకొండు రోజుల్లో చదివేశావన్నమాట. శాపం తగిలిన రాజకుమారుడు, అడవి మధ్యలో కోట, ప్రతి పుస్తకానికీ పునాదిగా ఒక పాత కథ. అన్ని రోజులు వాళ్ళతోనే గడిపాక దిగులు రాకుండా ఎలా ఉంటుంది? చుట్టాలందరూ వెళ్ళిపోయాక పెళ్ళిపందిట్లో ఒక్కదానివే నిలబడ్డట్టు ఉంటుంది.

వెంటనే అలాంటిదే ఇంకో సిరీస్ మొదలుపెట్టకు. ముప్పై ఏళ్ళు లైబ్రరీ కౌంటర్ దగ్గర కూర్చున్నదాన్ని, ఇది ఎన్నిసార్లు చూశానో. "అచ్చం ఇలాంటిదే ఇవ్వండి" అని అడిగి తీసుకెళ్ళిన పుస్తకం మూడో రోజుకే వెనక్కి వచ్చేసేది. పుస్తకం మంచిదే, పాపం. ముందు చదివినదాని నీడలో పడి నలిగిపోయేది. ఒక వారం ఆగు. కావాలంటే మొదటి పుస్తకంలో మొదటి అధ్యాయం మళ్ళీ చదువు. ముగింపు తెలిసి చదివితే విత్తనాలు ఎక్కడెక్కడ పడ్డాయో కనిపిస్తాయి.

ఆ తర్వాత, నిన్ను అంతగా పట్టుకున్నది ఏమిటో వెతుకు. హీరో అని తేల్చేయకు. ఈ పదకొండు రోజుల్లో నువ్వు పెట్టిన మెసేజ్‌లన్నీ మళ్ళీ చదివాను. నువ్వు తిరిగి తిరిగి వచ్చింది ఒక్క షరతు దగ్గరికే: ఆమె అతని అసలు రూపం చూడకూడదు. అదే నీ దారం. దాన్ని పట్టుకుని వెనక్కి నడువు.

రెండో శతాబ్దంలో అపులేయస్ అనే రచయిత లాటిన్‌లో చెప్పిన సైకీ అనే అమ్మాయి కథ చదువు. భర్త చీకట్లోనే వస్తాడు, మొహం చూడకూడదు. ఒక రాత్రి ఉండబట్టలేక ఆమె దీపం వెలిగిస్తుంది. పడుకున్నది సాక్షాత్తూ ప్రేమదేవుడు. కళ్ళప్పగించి చూస్తుంటే దీపంలోంచి వేడి నూనె చుక్క ఒకటి అతని భుజం మీద పడుతుంది. అంతే, లేచి వెళ్ళిపోతాడు.

ఇప్పుడు మన వేదకాలపు గ్రంథం శతపథ బ్రాహ్మణంలో ఊర్వశిని చూడు. భర్త పురూరవుడు తన కంటికి దిగంబరంగా కనిపించకూడదని ఆమె షరతు. గంధర్వులు ఆమె పెంచుకునే గొర్రెపిల్లల్ని ఎత్తుకుపోతే, అతను బట్ట చుట్టుకునే తీరిక లేక అలాగే లేచి పరిగెడతాడు. సరిగ్గా అప్పుడే మెరుపు మెరిపిస్తారు. అక్కడ నూనె చుక్క, ఇక్కడ మెరుపు! ఈ రెండూ ఒకే రోజు చదివినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. తనను వదిలి వెళ్ళిన ఊర్వశిని పురూరవుడు బతిమాలుకోవడం ఋగ్వేదం పదో మండలంలో, 95వ సూక్తంలో ఉంది. మీరు పారానార్మల్ రొమాన్స్ అంటున్నదానికి అంత వయసుంది తల్లీ.

మనుచరిత్ర అంటే నీకు స్కూల్లో బట్టీపట్టిన పద్యమే గుర్తుంటుంది. కథ మళ్ళీ విను. సిద్ధుడిచ్చిన పాదలేపంతో, అంటే కాళ్ళకి పూసుకునే పసరుతో, ప్రవరుడు హిమాలయాలకు వెళతాడు. మంచుకి ఆ పసరు కరిగిపోయి, ఇంటికి రాలేక చిక్కుకుంటాడు. అక్కడ తనని వలచిన అప్సరస వరూధినిని కాదని అతను ఎలాగో బయటపడ్డాక, ఆమె మీద ఎప్పటినుంచో ఆశపడ్డ గంధర్వుడు ప్రవరుడి రూపంలో వస్తాడు. దగ్గరైనప్పుడు కళ్ళు మూసుకోవాలని షరతు పెడతాడు. మళ్ళీ అదే దారం! ఆమె ప్రేమించింది ఎవరిని, పొందింది ఎవరిని? ఆ మోసం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. నువ్వేమంటావో వినాలని ఉంది. పద్యాలు కష్టమైతే తాత్పర్యం ఉన్న ప్రతి తీసుకో, తప్పేం లేదు.

నీ సిరీస్‌లో మొదటి పుస్తకానికి పునాది అయిన అందాలరాశి-మృగం కథ సంగతి కూడా చెప్పాలి. అందరికీ తెలిసింది 1756లో బోమాంట్ అనే ఫ్రెంచ్ రచయిత్రి కుదించి రాసిన రూపం. 1740లో విల్నెవ్ అనే మరో ఫ్రెంచ్ రచయిత్రి రాసిన అసలుది చాలా పెద్దది. అందులో అమ్మాయికి రోజూ కలలో ఒక అందగాడు కనిపిస్తాడు. పగలు చూసే మృగమే అతనని ఆమెకు తట్టదు. చివర్లో దేవకన్యల తగాదాలు, శాపం వెనక కథ విడిగా నడుస్తాయి. "ఇంకా కావాలి" అంటున్నావు కదా, ఆ "ఇంకా" అంతా అక్కడ ఉంది. కుదించని ఇంగ్లీష్ అనువాదమేనా అని చూసి మరీ కొను.

ఒకటి మాత్రం నా అనుభవంలోది. ఇంటర్ చదివే రోజుల్లో అద్దెకు తెచ్చుకున్న నవలకి ఆఖరి పేజీలు లేవు. ఎవరో చింపేశారు. రెండు రోజులు టెన్షన్ తట్టుకోలేక, లెక్కల నోట్‌బుక్ వెనక పద్నాలుగు పేజీల ముగింపు నేనే రాసుకున్నాను. అసలు ముగింపు తర్వాత దొరికింది కానీ, నాకు గుర్తున్నది నేను రాసుకున్నదే. నువ్వూ ఒక అధ్యాయం రాయి. ఆ చెల్లెలి పాత్ర చివరికి ఏమైందో రచయిత్రి చెప్పలేదని గొడవపడ్డావుగా, అక్కడ మొదలుపెట్టు.

సంక్రాంతికి వస్తావు కదా. కాశీమజిలీ కథలు బీరువా కింది అరలో ఉన్నాయి, నీకోసం దుమ్ము దులిపి పెడతాను. రాసింది పట్టుకునిరా, మేడ మీద కూర్చుని చదివి వినిపిద్దువుగాని.

నీ
అత్తయ్య