పాన్ కార్డు అద్దెకివ్వకండి, ఉద్యోగం అప్పుడే వదలకండి

ప్రశ్న: మాది ఒడిశాలోని బరంపురం. నా వయసు 24 సంవత్సరాలు. బి.కాం. తరువాత సీఏ ఇంటర్ మొదటి గ్రూపు పూర్తి చేశాను. రెండవ గ్రూపు రెండుసార్లు తప్పాను. కిందటిసారి మూడు పేపర్లలో 41, 49, 48 మార్కులు వచ్చాయి. ముప్పై మంది పనిచేసే ఒక టోకు బట్టల దుకాణంలో రెండేళ్లుగా అకౌంటెంటుగా ఉన్నాను. జీతం 18,000 రూపాయలు. అందులో 10,000 బ్యాంకులో వేస్తారు, 8,000 చేతికిస్తారు. పీఎఫ్ లేదు. నాన్నగారు లేరు. ఇంటికి నెలకు 7,000 ఇస్తాను, వచ్చే మార్చితో ముగిసే 75,000 రూపాయల చీటీకి 3,000 కడుతున్నాను, అమ్మ నగల మీద 12 శాతం వడ్డీకి తెచ్చిన 70,000 అప్పు ఉంది. నా సొంత ఖర్చు 1,800 దాకా అవుతుంది. చదువు కోసం బ్యాంకులో 62,000 దాచుకున్నాను. ఆరు నెలలు ఉద్యోగం మానేసి చదువుదామనుకుంటున్న సమయంలో మా షావుకారు నా పాన్ మీద ఇంకో ఫర్మ్ తెరుస్తానని, సంతకాలు పెడితే చాలునని, నెలకు 5,000 ఎక్కువ ఇస్తానని అంటున్నారు. విశాఖలో 24,000 జీతానికి ఒక ఉద్యోగం కూడా ఉందని తెలిసింది. నేను ఏమి చేయాలి?

జవాబు: మీరు ఉత్తరం చివరలో, ఆదాయం పెరిగే అవకాశంగా రాసిన విషయాన్నే నేను ముందుగా తీసుకుంటాను, ఎందుకంటే మిగిలిన లెక్కలన్నీ దాని మీద ఆధారపడి ఉన్నాయి. మీ పాన్ మీద ఫర్మ్ తెరవడానికి ఒప్పుకోకండి. నెలకు 5,000 కాదు, 15,000 ఇస్తామన్నా నా సమాధానం ఇదే.

సొంత యాజమాన్యపు ఫర్మ్‌కు చట్టం దృష్టిలో వేరే అస్తిత్వం ఉండదు. జీఎస్టీ రిజిస్ట్రేషన్ మీ పాన్ మీద ఉంటే అమ్మకం మీది, కొనుగోలు మీది, బకాయి మీది. సరుకు ఎవరి గోదాములో ఉంది, లాభం ఎవరి జేబులోకి వెళ్లింది అన్న వాదన తరువాత ఎప్పుడో వినిపించుకోవచ్చునేమో గాని, నోటీసు మాత్రం మీ ఇంటికే వస్తుంది, బ్యాంకు ఖాతా స్తంభించేది మీదే. మీరు ప్రతినెలా చేసే పనే కాబట్టి ఒక చిన్న లెక్క మీరే వేసి చూడండి. ఆ ఫర్మ్ పేరిట 5 శాతం పన్ను గల బట్ట 40 లక్షల రూపాయలకు కొన్నట్టు బిల్లులు వచ్చాయనుకుందాం. ఇన్‌పుట్ క్రెడిట్, అంటే కొనుగోలు మీద కట్టిన పన్నుకు తగ్గింపు, 2,00,000 వాడుకున్నారు. రెండేళ్ల తరువాత ఆ బిల్లులు ఉత్తుత్తివని తేలితే ఆ 2,00,000 తిరిగి కట్టాలి, ఏడాదికి 18 శాతం చొప్పున వడ్డీ 72,000 కట్టాలి, మోసం ఉద్దేశమని నిర్ధారిస్తే పన్నుతో సమానంగా మరో 2,00,000 జరిమానా కట్టాలి. మొత్తం 4,72,000. రెండేళ్లలో మీకు అదనంగా వచ్చేది 1,20,000. ఆ రెండేళ్ల మీ పూర్తి జీతం 4,32,000. మీ షావుకారు అటువంటి పని చేస్తారని నేను అనడం లేదు, ఆయనను నేను ఎరుగను. అయితే టర్నోవరును రెండు ముక్కలు చేయడానికో, చిన్న వ్యాపారులు తక్కువ రేటున పన్ను కట్టే కాంపొజిషన్ పథకానికి ఉన్న కోటిన్నర పరిమితి దాటకుండా ఉండడానికో గుమస్తా పేరును వాడుకోవడం టోకు వ్యాపారంలో కొత్త సంగతి కాదని మీకూ తెలుసు.

ఇంతకంటే మీకు దగ్గరగా తగిలే సంగతి మరొకటి ఉంది. సీఏ ఆఫీసులో తప్పనిసరిగా చేయవలసిన శిక్షణకు, అంటే ఆర్టికల్‌షిప్‌కు, ఆర్టికల్ అసిస్టెంటుగా చేరిన విద్యార్థి, సీఏ పరీక్షలు నడిపే ఇన్‌స్టిట్యూట్ అనుమతి లేకుండా వేరే వ్యాపారం గాని, ఉద్యోగం గాని చేయకూడదు. మీ పేరున ఫర్మ్ నడుస్తుండగా మీరు ఆర్టికల్‌షిప్ పత్రాల మీద సంతకం చేయలేరు. చేస్తే అది అబద్ధపు సంతకం అవుతుంది. ఆ రిజిస్ట్రేషన్ రద్దు చేయించుకోవాలన్నా అప్పటి వరకు దాఖలు కావలసిన రిటర్న్‌లు, చివరి రిటర్న్, మిగిలిన సరుకు మీద కట్టవలసిన పన్ను అన్నీ తేలాలి, వాటికి డబ్బు పెట్టవలసినవారు షావుకారు, జవాబు చెప్పవలసినవారు మీరు. ఆయనకు చెప్పడానికి మీకు మర్యాదైన మాట కూడా ఇందులోనే దొరుకుతుంది: "ఆర్టికల్‌షిప్‌లో చేరేనాటికి నా పేరున వ్యాపారం ఉండకూడదండి, ఉంటే నా చదువు ఆగిపోతుంది." ఇది సాకు కాదు, నిజం. చదువు మాట ఎత్తితే పెద్దవారు సాధారణంగా పట్టుపట్టరు. అప్పటికీ పట్టుపడితే ఆ పట్టుదలకు కారణమేమిటో మీరు ఆలోచించుకోవాలి.

ఆయనకు కోపం వచ్చి ఉద్యోగం పోతే ఎలాగన్న భయం మీ ఉత్తరంలో పైకి కనిపించకపోయినా ఉంటుందని నాకు తెలుసు. మీ నెల ఖర్చు ఇంటికి 7,000, చీటీకి 3,000, నగల అప్పు వడ్డీకి 700, మీ సొంతానికి 1,800, మొత్తం 12,500. మీ దగ్గరున్న 62,000 దాదాపు ఐదు నెలలు నడుపుతుంది. మీరు ఆ డబ్బును చదువు కోసం దాచుకున్నానని రాశారు. ప్రస్తుతానికి దాని అసలు పని, కాదని చెప్పవలసిన చోట కాదని చెప్పగలిగే ధైర్యం మీకు ఇవ్వడమే. అందుకే దాన్ని ఆరు నెలల సెలవులో కరిగించవద్దంటున్నాను.

ఆరు నెలలకు 75,000 కావాలి, మీ దగ్గర 62,000 ఉంది, అంటే పరీక్ష ఫీజు కట్టకముందే 13,000 లోటు. అది చిన్న లోటే, ఎవరో ఒకరు సర్దుతారు. నన్ను ఆపుతున్నది దాని తరువాతి రెండేళ్లు. 2023లో వచ్చిన కొత్త విధానంలో ఇంటర్ రెండు గ్రూపులూ పూర్తయిన తరువాతే రెండేళ్ల ఆర్టికల్‌షిప్ మొదలవుతుంది. అందులో ఇచ్చే స్టైపెండ్‌కు ఊరి జనాభాను బట్టి ఇన్‌స్టిట్యూట్ కనీస మొత్తం నిర్ణయించింది, బరంపురమంత ఊరిలో ఆ కనీసం మీ ఇప్పటి జీతంలో సగానికి కూడా రాదు. ఎక్కువ ఇచ్చే ఆఫీసులు లేకపోలేదు గాని, పథకం వేసుకునేటప్పుడు తక్కువ మొత్తాన్నే పట్టుకోవాలి. మీరు పరీక్ష దాకా లెక్క వేసి ఆగిపోయారు. పరీక్ష పాసైన మరునాటి నుంచే మీ ఇంట్లో డబ్బు ఇబ్బంది మొదలవుతుందన్న సంగతి మీ లెక్కలో లేదు. చేతిలో చిల్లిగవ్వ లేకుండా ఆర్టికల్‌షిప్‌లో చేరి, ఇంటి బాధ్యతల వల్ల మధ్యలో వదిలేసిన పిల్లలను నేను ఈ జిల్లాలో కొందరిని చూశాను. వారిలో ఎవరికీ తెలివి తక్కువ కాలేదు.

ఇక పరీక్ష సంగతి. మూడు పేపర్లలోనూ మీరు 40 దాటారు. తప్పింది మొత్తంలో: 300కు 150 రావాలి, 138 వచ్చాయి. పన్నెండు మార్కుల కోసం ఆరు నెలల జీతం, అంటే 1,08,000 రూపాయలు వదులుకోవడం నాకు సబబుగా తోచడం లేదు. 41 వచ్చినది కాస్టింగ్ (తయారీ ఖర్చుల లెక్కల పేపరు) అయి ఉంటుందని నా ఊహ, ఎందుకంటే బట్టల కొట్టులో రోజూ పద్దులు రాసేవారికి ఆ పేపరుతో పరిచయం ఉండదు. అదే అయితే మీ శ్రమలో సగం దానికే పెట్టండి. ఏదైనా ఒక పేపరులో 60 తెచ్చుకోగలిగితే, గ్రూపు తప్పినా ఆ పేపరుకు మినహాయింపు దొరుకుతుందన్నది కూడా గుర్తుంచుకోండి.

ఇప్పుడు ఇంటర్ పరీక్షలు ఏడాదికి మూడుసార్లు, జనవరి, మే, సెప్టెంబరు నెలల్లో జరుగుతున్నాయి. మీ వృత్తిలో ఉన్నవారికి ఈ మూడూ సమానం కావు. సెప్టెంబరు అంటే ట్యాక్స్ ఆడిట్ నివేదికల నెల, 30వ తేదీ గడువు ముంచుకొస్తుండగా ఏ యజమానీ అకౌంటెంటును వదలడు. మే నెల పరీక్షకు ముందు మార్చి ముగింపు లెక్కలు, సరుకు లెక్కింపు, ఏప్రిల్‌లో పాత ఏడాది సర్దుబాట్లు ఉంటాయి. జనవరి మాత్రం కొంత ఊపిరి పీల్చుకునే కాలం. అందుచేత జనవరి పరీక్షనే పెట్టుకోండి. ప్రతి నెలా 11న జీఎస్‌టీఆర్-1, 20న 3బి (అమ్మకాల వివరాల, పన్ను చెల్లింపు రిటర్న్‌లు) పడతాయి కాబట్టి, డిసెంబరు 20న 3బి దాఖలు చేసి, వార్షిక రిటర్న్ పనిని కూడా ఆలోపే ముగించి, 21 నుంచి జనవరి ఆఖరు వరకు జీతం లేని సెలవు అడగండి. ఫర్మ్ విషయంలో కాదన్న వెంటనే కాకుండా, ఇప్పటికి ఇంకా చాలా నెలల వ్యవధి ఉండగానే, దసరా రద్దీ మొదలుకాక ముందే ఈ సెలవు మాట చెప్పి ఉంచడం మంచిది. మీ పని చూడడానికి దుకాణంలోనే ఒక కుర్రాడికి బిల్లింగ్, ట్యాలీ నేర్పిస్తానని కూడా చెప్పండి, ఆ మాటకు విలువ ఉంటుంది.

దీని లెక్క ఇలా వస్తుంది. జూన్ నుంచి నవంబరు వరకు ఆరు నెలలు నెలకు 5,500 మిగిల్చితే 33,000, ఉన్నదానితో కలిపి 95,000. సెలవు కాలంలో డిసెంబరు, జనవరి ఖర్చు 25,000కు ఎదురుగా ఇరవై రోజుల జీతం సుమారు 11,500 వస్తుంది, కనుక 13,500 తగ్గి 81,500 మిగులుతుంది. ఫలితాలు వచ్చేదాకా ఫిబ్రవరి, మార్చి నెలల్లో పనిచేస్తే మళ్లీ 92,500 అవుతుంది. మార్చిలో చీటీ ముగిసి కమిషను పోగా చేతికి వచ్చే మొత్తంతో నగలు విడిపించండి. కావాలంటే పైన ఓ రెండు మూడు వేలు చేర్చవలసి రావచ్చు. పండుగకో, ఫోనుకో చీటీని ముందే పాడి తెచ్చుకోవద్దు. చీటీ, వడ్డీ రెండూ పోతే మీ నెల ఖర్చు 8,800కు దిగుతుంది. స్టైపెండ్ 4,000 అనుకుంటే నెలకు 4,800 లోటు, రెండేళ్లకు 1,15,200. మీ దగ్గర 90,000 దాకా ఉంటుంది. మిగిలిన పాతిక వేల లోటు ముందే తెలిసిన లోటు, అదీ రెండో ఏడాది చివరలో వచ్చేది. అప్పటికి మళ్లీ ఒక చిన్న నగ తాకట్టు పెట్టినా తప్పు లేదు. జనవరిలో కూడా గ్రూపు కాకపోతే ఈ డబ్బు చెక్కుచెదరకుండా ఉంటుంది, మీ ఉద్యోగమూ ఉంటుంది.

పీఎఫ్ గురించి మీరు ప్రశ్న అడగలేదు, ఒక మాటగా రాసి వదిలేశారు. ఇరవై మంది, అంతకు మించి పనిచేసే సంస్థకు అది తప్పనిసరి. పైగా కాగితం మీద మీ జీతం 10,000 అని చూపడం ద్వారా, 15,000 పరిమితికి లోబడి తప్పక చేర్చవలసిన ఉద్యోగిగా మిమ్మల్ని ఆయనే నిరూపించారు! ఆ 10,000 మీదనే మీ వాటా 1,200, ఆయన వాటా 1,200. ఆయన వాటాలో 833 పింఛను పథకానికి, 367 మీ పీఎఫ్ ఖాతాకు వెళ్లాలి. అంటే ఏడాదికి 14,400 రూపాయలు మీకు రావలసినది రావడం లేదు. ఇప్పుడే ఫిర్యాదు చేయమని నేను చెప్పను, కొద్ది నెలల్లో వదలబోయే చోట తగాదా మీ పరీక్షకు మేలు చేయదు. అయితే 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కార్మిక స్మృతుల ప్రకారం నియామక పత్రం ఇవ్వడం యజమాని బాధ్యత, దాన్ని అడగడంలో తప్పు పట్టేదేమీ లేదు. చేతికి ఇచ్చే 8,000ను కూడా కలిపి ఏటా ఆదాయపు పన్ను రిటర్న్ వేయండి. 2,16,000 మీద పన్నేమీ పడదు, రేపు ఏ బ్యాంకుకైనా చూపడానికి ఆధారం మాత్రం ఉంటుంది.

విశాఖ ఉద్యోగం ఇప్పుడు వద్దు. పెరిగే 6,000 గది అద్దెకు, భోజనానికి చాలదు, కొత్త చోట డిసెంబరులో నెలన్నర సెలవు ఎవరూ ఇవ్వరు. ఆర్టికల్‌షిప్ అక్కడ చేయాలనుకుంటే అది వేరే సంగతి, ఫలితం వచ్చాక ఆలోచించవచ్చు. ఒకవేళ సీఏ దారి మీకు కుదరకపోయినా మీ పని తక్కువది కాదు. రాష్ట్రం దాటిన ఇచ్ఛాపురం పార్టీకి వేసే బిల్లులో ఐజీఎస్టీ, రాష్ట్రంలోనే ఉన్న ఛత్రపురం పార్టీకి వేసే బిల్లులో సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ అని నిద్రలో అడిగినా చెప్పగలిగి, 50,000 దాటిన సరుకుకు ఈ-వే బిల్లు తీసి, ఒడియాలోను తెలుగులోను పార్టీలతో బాకీ లెక్క తేల్చగలిగిన మనిషి ఈ సరిహద్దు ఊళ్లలో ప్రతి టోకు వ్యాపారికీ అవసరమే.

చివరగా, రేపే చేయవలసిన పని ఒకటి ఉంది. దుకాణం జీఎస్టీ రిజిస్ట్రేషన్‌లో ఫోను నంబరు, ఈ-మెయిలు ఎవరివో పోర్టల్‌లో చూడండి. ఓటీపీ తొందరగా వస్తుందని చాలామంది అకౌంటెంట్లు తమ నంబరే ఇచ్చి ఉంటారు. చిన్నప్పుడు నేను పనిచేసిన ఒక ఆఫీసులో ఒక పార్టీకి అలాగే నా నంబరు ఇచ్చి, అక్కడ మానేసిన నాలుగేళ్ల వరకు ఆ పార్టీ నోటీసుల సందేశాలు నా ఫోనుకే వస్తుండగా పడిన అవస్థ నాకింకా గుర్తుంది. మీ నంబరు ఉంటే షావుకారు గారి నంబరుకు మార్పించండి, ఆయన డిజిటల్ సంతకం పెన్‌డ్రైవు మీ సంచిలో ఉంటే ఆయన బీరువాకు చేర్చండి, పాస్‌వర్డ్‌లు ఒక కాగితం మీద రాసి ఇచ్చి, అందినట్టు మీ దగ్గరున్న నకలు మీద ఆయన చేత తేదీ వేయించుకోండి. సెలవుకు వెళ్లేటప్పుడు చేద్దామని వాయిదా వేయకండి, ఫర్మ్ మాటకు జవాబు చెప్పడానికి ముందే ఇది పూర్తి కావాలి.