రెయిడ్‌లో రెండో డిస్కు కూడా పోతే ఫొటోలు దక్కుతాయా?

ప్రశ్న: మాకు బరంపురంలో ఫొటో స్టూడియో ఉంది. నాలుగు 4 టీబీ డిస్కులున్న నాస్ పెట్టెను (నెట్‌వర్క్ ద్వారా వాడుకునే డిస్కుల పెట్టె) రెయిడ్ 5లో (ఒక డిస్కు పోయినా సమాచారం దక్కేలా డిస్కులను కలిపే పద్ధతి) వాడుతున్నాం. మూడో డిస్కు దగ్గర ఎర్ర దీపం వెలిగినా, పెళ్లిళ్ల సీజన్ కావడంతో మూడు వారాలు అలాగే నడిపాం. తరువాత కొత్త డిస్కు వేస్తే రీబిల్డ్ (కొత్త డిస్కులో పాత సమాచారాన్ని తిరిగి నింపడం) 37 శాతం దగ్గర ఆగిపోయి, ఒకటో డిస్కు కూడా ఫెయిల్ అయిందని చూపిస్తోంది. పెట్టెను మళ్లీ ఇనీషియలైజ్ చేసి (కొత్తదానిలా మొదటి నుంచి సిద్ధం చేసి), సాఫ్ట్‌వేర్‌తో ఫొటోలు తీద్దామని మెకానిక్ అంటున్నారు. చేయించవచ్చా?
– ఒక స్టూడియో నిర్వాహకుడు, గంజాం జిల్లా

జవాబు: దయచేసి చేయించకండి. ఇనీషియలైజ్ చేస్తే పెట్టె డిస్కుల మీద కొత్త గుర్తులు రాసి, ఆపై పారిటీని (పోయిన డిస్కును లెక్కగట్టేందుకు దాచే అదనపు సమాచారాన్ని) సరిచూసే పేరుతో మీ పాత ఫొటోల మీదే రాసుకుంటూ పోయే ప్రమాదం ఉంది. ముందు పెట్టెను ఆపివేసి, ఏ డిస్కు ఏ అరలోదో మార్కర్‌తో డిస్కు మీదే రాసి, నాలుగింటినీ బయటికి తీయండి. మొదట పాడైన మూడో నంబరు డిస్కును కూడా పారేయకుండా భద్రపరచండి.

రెయిడ్ 5లో ఏ మూడు డిస్కులున్నా నాలుగో దానిలోని సమాచారాన్ని లెక్కగట్టి రాబట్టవచ్చు. రెండు పోతే ఆ లెక్క తేలదు. కాబట్టి మీ ఆశంతా ఒకటో డిస్కు మీదే ఉంది. రీబిల్డ్‌లో మిగిలిన డిస్కులను మొదటి నుంచి చివరి వరకు చదవవలసి వస్తుంది కనుక, ఏళ్ల తరబడి ఎవరూ తెరవని ఫోల్డర్ల కింద దాగి ఉన్న చెడ్డ సెక్టార్లు (డిస్కులో చదవలేని చిన్న భాగాలు) అప్పుడే బయటపడతాయి. నాస్ కోసం తయారైన డిస్కు అలాంటి సెక్టార్‌ను సాధారణంగా 7 సెకన్ల వరకు ప్రయత్నించి వదిలేస్తుంది. డెస్క్‌టాప్ డిస్కు నిమిషానికి పైగా అక్కడే ఉండిపోవచ్చు, అప్పుడు అది చచ్చిపోయిందనుకుని పెట్టె దాన్ని పక్కన పెట్టేస్తుంది. మీ ఒకటో డిస్కుకు జరిగింది ఇదే అయితే, అందులో చదవలేని భాగం చాలా కొద్దిగానే ఉండవచ్చు.

అయితే దానిని చెవి దగ్గర పెట్టుకుని వినండి. టక్ టక్‌మని ఒకే లయలో శబ్దం వస్తుంటే హెడ్ (డిస్కును చదివే సూది లాంటి భాగం) దెబ్బతిని ఉండవచ్చని అర్థం. ఆ తరువాత ఒక్క నిమిషం కూడా కరెంటు ఇవ్వకుండా క్లీన్ రూమ్ (దుమ్ము లేని గది) ఉన్న ల్యాబ్‌కు చేర్చాలి. పార్సిల్‌లో వేయకండి. ఒక్కో డిస్కును యాంటీ స్టాటిక్ కవర్‌లో పెట్టి, స్పాంజి చుట్టి, కోణార్క్ ఎక్స్‌ప్రెస్‌లో సికింద్రాబాద్ వెళ్లే మీ మనిషి చేతి సంచిలో పంపడం మేలు.

శబ్దం లేకపోతే పని ఇక్కడే మొదలుపెట్టవచ్చు. లైనక్స్ పెన్‌డ్రైవ్‌తో కంప్యూటర్‌ను బూట్ చేసి, ఒకటి, రెండు, నాలుగు డిస్కులను యూఎస్‌బీ డాక్‌లో కాకుండా కంప్యూటర్ లోపలి సాటా పోర్టుకు కలిపి, జీఎన్‌యూ డీడీరెస్క్యూతో అంతే సైజు లేదా అంతకంటే పెద్ద కొత్త డిస్కుల మీదికి పూర్తి కాపీ తీయండి. ఈ ప్రోగ్రామ్ మంచి భాగాలను ముందు చదివి, చెడ్డవాటిని చివరికి వదిలి, ఎక్కడిదాకా వచ్చిందో మ్యాప్ ఫైలులో రాసుకుంటుంది. మధ్యలో కరెంటు పోయినా ఆగిన చోటు నుంచి కొనసాగించవచ్చు. ఆరోగ్యంగా ఉన్న 4 టీబీ డిస్కుకే 7, 8 గంటలు పడుతుంది కనుక యూపీఎస్ తప్పనిసరి. మూడు కొత్త డిస్కుల ఖర్చు భారమే, కానీ అసలు డిస్కుల మీద ప్రయోగం చేయడం నాకు ఏమాత్రం సమ్మతం కాదు.

చాలా నాస్ పెట్టెల లోపల నడిచేది లైనక్స్ రెయిడే. అందుకే కాపీల మీద ఎండీఏడీఎం (లైనక్స్ రెయిడ్‌ను నడిపే ప్రోగ్రామ్) ‘ఎగ్జామిన్’ ఆదేశం ఇస్తే ప్రతి డిస్కుకూ ఈవెంట్ల సంఖ్య (రెయిడ్‌లో మార్పు జరిగే కొద్దీ పెరిగే లెక్క) కనిపిస్తుంది. ఒకటి, రెండు, నాలుగులో ఆ సంఖ్య దగ్గరదగ్గరగా ఉంటుంది. మొదట పాడైన పాత మూడో డిస్కును కూడా చూస్తే అది మూడు వారాల వెనుకే ఆగిపోయి ఉంటుంది, దానిని కలిపితే కొత్త పెళ్లిళ్ల ఫైళ్లు పాత సమాచారంతో కలగలిసిపోతాయి. ఒకటి, రెండు, నాలుగు డిస్కుల కాపీలనే ‘అసెంబుల్’, ‘ఫోర్స్’, ‘రీడ్ ఓన్లీ’లతో కలపండి. కొత్త రెయిడ్‌ను తయారుచేసే ‘క్రియేట్’ ఆదేశం జోలికి మాత్రం వెళ్లకండి.

వాల్యూమ్ (కలిపిన డిస్కుల మొత్తం నిల్వ) తెరుచుకోగానే సంతోషపడి ఆగవద్దు. డిస్కుల వరుస తప్పితే థంబ్‌నెయిల్‌లో వధువు ముఖం చక్కగా కనిపిస్తుంది, ఫొటో తెరిస్తే కింది సగమంతా బూడిదరంగు పట్టీలే వస్తాయి. కాబట్టి పెద్ద రా (కెమెరా తీసిన అసలు) ఫైళ్లు పది, ఇరవై తెరిచి, పూర్తి సైజులో చూసి, ఆ తరువాతే వేరే డిస్కులోకి కాపీ మొదలుపెట్టండి. ఇంకా ఆల్బమ్ ఇవ్వని పెళ్లిళ్ల ఫోల్డర్లను మొదట తీసుకోండి.