మరమనుషులు వచ్చారా, వచ్చాయా?

సందేహం: మా అబ్బాయి ఎనిమిదో తరగతి చదువుతున్నాడు. బళ్లో రాసిన వ్యాసంలో "భవిష్యత్తులో మరమనుషులు వచ్చి మన పనులన్నీ చేస్తాయి" అన్నాడు. టీచరు ‘చేస్తాయి’ని ఎర్రసిరాతో కొట్టేసి ‘చేస్తారు’ అని దిద్దారు. "అవి యంత్రాలు కదా, చేస్తారు ఎలా అవుతుంది?" అని వాడు రెండు రోజులుగా ఇంట్లో రభస. ఏది ఒప్పు? రోబో, రోబోట్, మరమనిషి, యంత్రమానవుడు... వీటిలో ఏది వాడాలి? రోబో అనే మాట ఏదో నాటకంలోంచి వచ్చిందని మావారు అంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

సమాధానం: మీవారు చెప్పింది నిజమే. అక్కణ్నుంచే మొదలుపెడతాను. మీ అబ్బాయి వాక్యంలోని తగాదా మొలకెత్తింది కూడా ఆ నాటకంలోనే.

చెక్ రచయిత కారెల్ చాపెక్ 1920లో ‘ఆర్.యు.ఆర్.’ అనే నాటకం అచ్చువేశాడు. 1921 జనవరిలో ప్రాగ్‌లోని నేషనల్ థియేటర్‌లో దాన్ని ఆడారు. అందులో ఒక ఫ్యాక్టరీ ఉంటుంది. పని చేయించుకోవడానికి కృత్రిమంగా మనుషుల్ని తయారుచేసి అమ్మడం దాని వ్యాపారం. కథ కుదిరింది గానీ వాళ్లని ఏమని పిలవాలో చాపెక్‌కి తోచలేదు. లాటిన్‌లో శ్రమకున్న మాట తీసుకుని ‘లాబోరి’ అందామనుకున్నాడు. అది మరీ పుస్తకం వాసన కొట్టింది. అన్న యోసెఫ్ దగ్గరికి వెళ్లి అడిగాడు. యోసెఫ్ చిత్రకారుడు. అప్పుడాయన నోట్లో కుంచె కరుచుకుని బొమ్మ వేస్తున్నాడు. కుంచె తియ్యకుండానే, "అయితే రోబోట్లను" అన్నట్టు ఏదో గొణిగి మళ్లీ పనిలో పడ్డాడట. పేరు పెట్టిన ఘనత తనది కాదు, అన్నదే అని కారెల్ చాపెక్ 1933లో ఒక పత్రికకు స్వయంగా రాశాడు. ప్రపంచమంతా వాడుతున్న మాట పుట్టుక ఇంతే, ఒక గొణుగుడు.

ఆ గొణుగుడు వెనక మాత్రం పెద్ద చరిత్ర ఉంది. చెక్‌లో ‘రోబోత’ అంటే రైతు తన భూస్వామికి కూలి తీసుకోకుండా చేసి తీరాల్సిన పని. ఆస్ట్రియా సామ్రాజ్యంలో దాన్ని 1848లో రద్దు చేశారు. కరీంనగర్ వాళ్లకి దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు. అది వెట్టి. సంస్కృతంలో ‘విష్టి’, దాని వికృతి వెట్టి. కాబట్టి రోబోట్ అంటే అక్షరాలా వెట్టివాడు. నాటకంలో ఆ రోబోట్లని కనిపెట్టినవాడి ఇంటిపేరు రోసుమ్, చెక్‌లో బుద్ధికి ఉన్న మాటని కాస్త మార్చి పెట్టిన పేరు. బుద్ధి కలవాడు వెట్టివాణ్ని తయారుచేశాడన్నమాట. మనం రోబోని మొదటే ‘వెట్టిమనిషి’ అని ఉంటే అర్థం సూటిగా దిగేదేమో అని ఒక్కోసారి అనిపిస్తుంది. ఇప్పుడెవరైనా వాడదామంటే మాత్రం నేను ఒప్పుకోను. దొరల గడీల్లో నిజం మనుషులు పడ్డ బాధ ఆ మాటలో ఉంది. గదులు ఊడ్చే మెషీన్‌కి దాన్ని తగిలించబుద్ధి కాదు.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. ఆ నాటకంలో రోబోట్లు ఇనుముతో, మరలతో చేసినవి కావు. రక్తమాంసాల్లాంటి ఒక కృత్రిమ పదార్థంతో చేసినవి. చూడ్డానికి అచ్చం మనుషులే. చివరికి తిరగబడి మనుషుల్ని తుడిచిపెడతారు. చూశారా, నేను కూడా ‘పెడతారు’ అనే రాశాను. ‘పెడతాయి’ అని రాద్దామంటే కలం కదలలేదు.

ఇక ఆ మాట నాటకంలోంచి ఫ్యాక్టరీలోకి ఎలా నడిచిందో చూడండి. 1940ల మొదట్లో అమెరికా రచయిత ఐజాక్ అసిమోవ్ తన కథల్లో ‘రోబోటిక్స్’ అని వాడాడు. మెకానిక్స్ ఉన్నట్టే ఇదీ ఎప్పట్నుంచో ఉన్న మాటే అనుకున్నాడట. దాన్ని తానే పుట్టించానని తర్వాత గానీ తెలియలేదు. ఇవాళ ఇంజినీరింగ్ కాలేజీల్లో అదొక కోర్సు. 1954లో జార్జ్ డెవోల్ అనే ఆయన ఒక యంత్రానికి పేటెంట్ దరఖాస్తు పెట్టాడు. దాని శీర్షికలో రోబో ఊసే లేదు. ‘ముందే నిర్దేశించిన ప్రకారం వస్తువుల్ని ఒకచోటు నుంచి ఇంకోచోటుకి మార్చడం’ అనే అర్థం వచ్చే పొడి మాటలున్నాయి, అంతే. రెండేళ్ల తర్వాత ఒక విందులో ఆయనకు జోసెఫ్ ఎంగెల్‌బర్గర్ తగిలాడు. ఎంగెల్‌బర్గర్‌కి అసిమోవ్ కథలంటే పిచ్చి. డెవోల్ చెప్పినది వినగానే ఆయనకది రోబోలా కనబడింది. 1961లో న్యూజెర్సీలోని జనరల్ మోటార్స్ ఫ్యాక్టరీలో అది పనిలోకి దిగింది, పేరు యూనిమేట్. కాలుతున్న లోహపు భాగాల్ని అచ్చులోంచి తీసి పక్కన పెట్టడం దాని పని. తలా లేదు, కాళ్లూ లేవు. ఒక్క పెద్ద చెయ్యి.

అందుకే సైన్స్ ఫిక్షన్ రేపటిని ముందే చూసేసింది అని ఎవరైనా అంటే నాకు పూర్తిగా నమ్మకం కుదరదు. చాపెక్ ఊహించిన మనిషిలాంటి మనిషి రానేలేదు, వచ్చింది చెయ్యి. కానీ కథ లేకపోతే ఆ చేతిని ఎవరూ రోబో అనేవారు కాదు, దాని మీద అంత ఆశా పెట్టుకునేవారు కాదు, ‘మన ఉద్యోగాలు పోతాయి’ అని అంత భయమూ పడేవారు కాదు. వస్తువుని ఇంజినీరు చేశాడు. పేరు, ఆశ, భయం... ఈ మూడూ కథకుడు ఇచ్చాడు.

ఒక్కోసారి కథ ఇంతకన్నా ముందుకే వెళ్తుంది, అదీ ఒప్పుకోవాలి. ఇంగ్లిష్ రచయిత హెచ్.జి.వెల్స్ 1914లోనే ఒక నవలలో ‘అటామిక్ బాంబు’ అనేశాడు. ఆ నవలని భౌతికశాస్త్రవేత్త లియో జిలార్డ్ 1932లో చదివాడు, 1933లో ఆయనకి ఆ బాంబుకి మూలమైన న్యూక్లియర్ చైన్ రియాక్షన్ ఆలోచన వచ్చింది. మాట వచ్చిన ముప్ఫై ఒక్క ఏళ్లకి, 1945లో, వస్తువు వచ్చింది. మన భాషలో దీనికో చిక్కుంది, సందర్భం వచ్చింది కాబట్టి చెబుతాను. సైన్సు పాఠంలో పరమాణువు వేరు, అణువు వేరు. కొన్ని పరమాణువులు కలిస్తే అణువు. ఆ లెక్కన అది ‘పరమాణు బాంబు’ కావాలి. కానీ పత్రికలు అణుబాంబు అన్నాయి, జనం అణుబాంబు అన్నారు, దీపావళికి కొట్లో కూడా అణుబాంబే అడుగుతున్నాం. పాఠ్యపుస్తకం ఓడిపోయింది. ఇలాంటి చోట నేను జనం పక్షమే.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న. మరమనిషి చక్కటి మాట. ‘మర’ మనకి ఎన్నాళ్లుగానో ఉంది. మా నాయనమ్మ రైలెక్కితే చేతిలో ఇత్తడి మరచెంబు ఉండాల్సిందే. మూత తిప్పి బిగిస్తే చుక్క నీరు కారేది కాదు. అక్కడ మర అంటే తిప్పి బిగించే చుట్టు. మరమేకులోనూ అంతే. అదే మాట పెద్దదై యంత్రమంతటికీ పేరయింది. పిండి మర, మరబోటు, మరతుపాకి, మీ పక్కనే సిరిసిల్లలో మరమగ్గాలు. ఈ వరసలో మరమనిషి ఇమిడిపోయాడు. యంత్రమానవుడు కూడా తప్పు కాదు గానీ ఆ మాట వినగానే నాకు పాత సినిమా పోస్టర్ గుర్తొస్తుంది.

చిక్కల్లా రెండో సగంతోనే. యూనిమేట్‌ని మరమనిషి అంటారా? ఇల్లు తుడుస్తూ మంచం కింద ఇరుక్కుపోయే ఆ గుండ్రటి పళ్లెం లాంటిది మనిషా? ఆస్పత్రిలో ఆపరేషన్‌కి వాడే రోబోకి నాలుగు చేతులే ఉన్నాయి. వాటికి రోబో అనడమే మేలు. తల, మొండెం, చేతులు పెట్టి మనిషి ఆకారంలో చేసినదాన్ని ఇంగ్లిష్‌లో హ్యూమనాయిడ్ అంటున్నారు చూడండి, మరమనిషి దానికి సరిగ్గా సరిపోతుంది.

రోబోనా రోబోటా అంటే, ఇంగ్లిష్ మాట హల్లుతో ముగిస్తే మనం ఒక ‘ఉ’ చేరుస్తాం. బస్సు, రోడ్డు, రాకెట్టు. ఆ లెక్కన రోబోటు కావాలి, ఆ రూపం ఉంది కూడా. కానీ చివరి ‘ట’ రాలిపోతే మిగిలేది ఎలాగూ అచ్చుతోనే ముగుస్తోంది. రోబోకి, రోబోతో, రోబోలు అని విభక్తులు సాఫీగా పడుతున్నాయి. 2010లో వచ్చిన ‘రోబో’ సినిమా ఆ రూపానికి ముద్ర కొట్టేసింది. రోబోటిక్స్, రోబోటిక్ సర్జరీ అన్నప్పుడు మాత్రం ‘ట’ తిరిగి వచ్చేస్తుంది, రానివ్వండి.

అసలు సంగతికొద్దాం, చేస్తారా చేస్తాయా. తెలుగు క్రియ మనుషుల్ని పంచే తీరు విచిత్రంగా ఉంటుంది. ఏకవచనంలో మగవాడు ఒక్కడే వేరు, వచ్చాడు. ఆడమనిషి, ఆవు, బస్సు అన్నీ ‘వచ్చింది’. బహువచనంలోకి రాగానే ఆడవాళ్లు గట్టు దాటి మగవాళ్ల వైపు వస్తారు. వాళ్లంతా వచ్చారు, ఆవులూ బస్సులూ వచ్చాయి. చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలో మహత్తు (మగవాడు), మహతి (ఆడమనిషి), అమహత్తు (మిగతావన్నీ) అని చెప్పింది ఈ లెక్కే. జడపదార్థం మనిషిలా మాట్లాడితే ఎక్కడ కూచోబెట్టాలన్న బెంగ ఆయనకి లేదు పాపం.

మాట్లాడితే మహత్తు అయిపోతుందా? కాదు. పంచతంత్రంలో నక్క ఎంత నీతి చెప్పినా ‘నక్క అంది’ అనే అంటాం, ‘కాకులు అన్నాయి’ అనే అంటాం. అదే నక్కకి దమనకుడు అని పేరు పెట్టి చూడండి, వెంటనే ‘దమనకుడు అన్నాడు’. పేరు వచ్చిందంటే క్రియ లొంగిపోతుంది. తోలుబొమ్మలాటలోనూ అంతే. తెర మీద వెలుగు పడ్డాక ‘హనుమంతుడు వచ్చాడు’, ఆట అయ్యాక పెట్టెలో సర్దేటప్పుడు ‘బొమ్మలు తడిశాయి, ఎండబెట్టు’. బొమ్మ అదే, మనం నిలబడ్డ చోటు మారింది.

రోబోల విషయంలో ఇదే జరుగుతోంది. ఆ సినిమాలో రోబో ‘వచ్చింది’, కానీ చిట్టి ‘వచ్చాడు’. ఇస్రో 2020లో చూపించిన స్త్రీరూపపు రోబో వ్యోమమిత్ర ‘మాట్లాడింది’. ఆమె అనుకుని అన్నామా, అది అనుకుని అన్నామా? తెలుగు ఏకవచనం గుట్టు విప్పదు. సరదా ఏమిటంటే, సంస్కృతంలో స్నేహితుడనే అర్థంలో ‘మిత్రం’ నపుంసకలింగం. పేరు పెట్టినవాళ్లు ఇది ఆలోచించారో లేదో గానీ బాగా అతికింది.

మొన్న ఒక హోటల్‌కి వెళ్తే ట్రే మోసుకొచ్చే రోబో ఉంది. మెడలో ఎర్ర స్కార్ఫ్ కట్టారు. మా బల్ల దగ్గరకొచ్చి ఆగిపోయింది. సర్వర్ కుర్రాడు వచ్చి, "చార్జింగ్ లేక ఆగిపోయింది సార్, మోసుకెళ్లాలి" అన్నాడు. పక్క బల్ల మీది మూడేళ్ల పాప మాత్రం, "అమ్మా, అక్క అలిసిపోయింది" అంది. ఇద్దరి క్రియలూ ఒకటే రూపం, ఇద్దరి మనసులో ఉన్నది వేరు. అక్కడ అలాంటివి రెండు ఉండి ఉంటే కుర్రాడు ‘ఆగిపోయాయి’ అనేవాడు, పాప ‘అలిసిపోయారు’ అనేది.

చెక్ వాళ్లకీ ఈ తంటా తప్పలేదు. వాళ్ల భాషలో ప్రాణమున్న వాటికొక బహువచనం, వస్తువులకొక బహువచనం ఉన్నాయి. చాపెక్ నాటకంలోవి ప్రాణమున్న రూపంలో ఉంటాయి. వంటింట్లో పిండి కలిపే యంత్రాన్ని కూడా వాళ్లు రోబోట్ అంటారు, దానికి వస్తువుల బహువచనం వాడతారు.

కాబట్టి మీ ఇంటి తగాదాకి తీర్పు ఇది. ‘మరమనుషులు’లో చివరి మాట మనుషులు గనక, వ్యాకరణం ప్రకారం ‘చేస్తారు’ ఒప్పు. టీచరు దిద్దింది తప్పనలేం. కానీ మీవాడు చెప్పదలచుకున్నది యంత్రాల గురించి. అర్థాన్ని బట్టి ‘చేస్తాయి’ అనడం కూడా వాడుకలో ఉన్నదే. నేనైతే దాన్ని ఎర్రసిరాతో కొట్టేవాణ్ని కాదు, పక్కన చిన్న ప్రశ్నార్థకం పెట్టేవాణ్ని. ‘రోబోలు’ అని రాసి ఉంటే ‘చేస్తాయి’ మీద పేచీయే ఉండేది కాదు. ఈసారి సెలవుల్లో రోబో మీద వ్యాసం కాకుండా ఒక కథ రాయమనండి. దానికి ఏదో ఒక పేరు పెట్టమనండి. రెండో పేజీకి వచ్చేసరికి ఏ క్రియ వాడుతున్నాడో నాకు తప్పకుండా రాయండి.