పాత సీపీయూలకు సీడీయే దారి, అల్లుడూ

కర్నూలు

అల్లుడూ,

మూతపడిన నెట్ సెంటర్ నుంచి ఆరు పాత సీపీయూలు తెచ్చి హాలంతా పరిచావని మీ అమ్మ ఫోన్లో ఒకటే గోల. పెన్‌డ్రైవ్ పెడితే ఒక్కటీ లేవడం లేదని నువ్వు మెసేజ్ పెట్టావు. లేవవు. ఆ కాలం బోర్డుల్లో చాలావాటికి యూఎస్‌బీ నుంచి బూట్ కావడం, అంటే అందులోని ఓఎస్‌తో లేవడం తెలీదు. ఇరవై ఏళ్లు అంగడి నడిపినవాణ్ణి కదా, నా మాట విని సీడీ దారి పట్టు.

డిస్కు కొనకముందే డ్రైవ్ ముఖం చూడు. దాని మీద డీవీడీ గుర్తు లేకపోతే అది సీడీలు మాత్రమే చదువుతుంది. డీవీడీ పెడితే గిర్రుమని నాలుగు తిరుగుళ్లు తిరిగి ఊరుకుంటుంది. సీడీలో పట్టేది 700 ఎంబీ. ఇప్పటి ఉబుంటు లైనక్స్ అయిదు జీబీ దాటింది, 4.7 జీబీ డీవీడీలో కూడా ఇమడదు.

తొలినాటి పెంటియం 4లు 32 బిట్‌వి. 2025లో వచ్చిన డెబియన్ లైనక్స్ 13లో వాటికి ఇన్‌స్టాలర్ ఇవ్వడం మానేశారు. అందుకని డెబియన్ 12లో 32 బిట్ నెట్‌ఇన్‌స్ట్ ఫైలు చూడు (మిగతావి ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడు నెట్ నుంచి తెచ్చుకునే చిన్న ఫైలు అది), దించేముందు సైజు కూడా చూసుకో. రామ్ తక్కువుంటే ఎల్ఎక్స్‌డీఈ లాంటి తేలిక డెస్క్‌టాప్ చాలు. ఎక్స్‌పీ మీదకు మనసు లాగుతుందని నాకు తెలుసు. దానికి 2014 ఏప్రిల్ 8తోనే మైక్రోసాఫ్ట్ అప్‌డేట్లు ఆపేసింది. పాటలు వినడానికి వేసుకో, నెట్ మాత్రం తగిలించకు.

ఇక సీడీ రైట్ చేయడం. నా దగ్గర పని నేర్చుకున్న ప్రతి పిల్లాడూ మొదటిరోజు చేసిన తప్పు ఒకటే. ఐఎస్ఓ ఫైలును, అంటే సీడీ మొత్తాన్ని ఒకే ఫైలుగా మూటకట్టినదాన్ని, మామూలు ఫైలులా సీడీలోకి కాపీ కొట్టేవాడు, బూట్ కావడం లేదని డ్రైవ్‌ను తిట్టేవాడు. రైట్ చేసిన డిస్కు తెరిస్తే ఒకే ఒక ఐఎస్ఓ ఫైలు కనబడిందా, అది దండగ. లోపల ఫోల్డర్లు పరిచినట్టు కనబడాలి. విండోస్ 7 నుంచి ఫైలు మీద రైట్ క్లిక్ చేస్తే 'బర్న్ డిస్క్ ఇమేజ్' వస్తుంది గానీ, అందులో స్పీడు మన చేతిలో ఉండదు. ఇమ్‌గ్‌బర్న్ వాడు, లైనక్స్ అయితే కే3బీ. 52 ఎక్స్‌లో దూకించకు, 16 చాలు. నిండు సీడీకి అయిదారు నిమిషాలు పడుతుంది, ఆలోపు టీ తాగొచ్చు. వెరిఫై టిక్కు మాత్రం తీయకు, రాసింది సరిగ్గా పడిందో లేదో అదే చదివి చూస్తుంది. డౌన్‌లోడే సగంలో చెడిపోయి ఉంటే ఎన్ని డిస్కులు రాసినా అంతే, కాబట్టి సైట్లో ఇచ్చిన షా256 అంకెతో (ఫైలు వేలిముద్ర లాంటిది) ముందే పోల్చుకో.

సీడీ-ఆర్‌డబ్ల్యూ కొనకు. చెరిపి మళ్లీ రాసుకోవచ్చని ఆశ పుడుతుంది, కానీ దాని మీద వెలుతురు తక్కువ తిరిగొస్తుంది, ముసలి డ్రైవులకు ఆనదు.

డిస్కు మీద కాగితం లేబుల్ అంటించొద్దని అప్పట్లో ఎవరు చెప్పినా నేను వినలేదు. 2009 అక్టోబర్ 2న తుంగభద్ర ఊళ్లోకి వచ్చినప్పుడు మా అంగట్లో నడుము లోతు నీళ్లు. సీపీయూలన్నీ పోయాయి. సీడీల డబ్బా మాత్రం బురదలోంచి దొరికింది. ఒక్కొక్కటీ కొళాయి కింద కడిగి, పాత పంచె ముక్కతో మధ్య నుంచి అంచుకు తుడిచి, నీడలో ఆరబెట్టాం. గుండ్రంగా తుడిస్తే పడే గీత ట్రాక్ వెంబడే పోతుంది, అందుకే అలా. చాలావరకు చదివాయి. లేబుల్ అంటించినవి మాత్రం కాగితం నాని ఊడుతూ వెండి పొరను కూడా పెకిలించుకొచ్చాయి. సీడీలో డేటా పొర ఉండేది పేరు రాసే వైపు తొక్క కిందే. కాబట్టి మెత్తటి మార్కర్‌తో రాయి, బాల్ పెన్నుతో గీకకు.

మిషన్ ఆన్ చేయగానే డిలీట్ గానీ ఎఫ్2 గానీ నొక్కి బయోస్‌లో, అంటే ఓఎస్ లేవకముందు వచ్చే సెట్టింగుల తెరలో, బూట్ వరుసలో సీడీని మొదట పెట్టు. కరెంటు తీసిన ప్రతిసారీ అది మరిచిపోతుంటే బోర్డు మీది సీఆర్2032 బ్యాటరీ బిళ్ల మార్చు. నీ ఆదోని సీపీయూల్లో పత్తి నూగు ఫ్యాన్లకు పట్టేసి ఉంటుంది, అది దులపకుండా ఓఎస్ వేయడం మొదలుపెట్టావా, మధ్యలో వేడెక్కి ఆగిపోతుంది. డ్రైవ్ లెన్స్‌ను మటుకు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన ఇయర్‌బడ్‌తో పిల్లవాడి కన్ను తుడిచినట్టు తుడువు.

ఆరు డ్రైవులూ బాగుచేయాలని మొండికెయ్యకు. సరిగ్గా చదివేది ఒకటి ఏరుకుని దాన్నే అన్నిటికీ మార్చి మార్చి తగిలించు. డ్రైవ్‌ను బోర్డుకు కలిపే ఐడీఈ కేబుల్ ఊడదీసేముందు ప్లగ్ పీకు. హార్డ్ డిస్కూ డ్రైవూ ఒకే కేబుల్ మీదుంటే వెనక జంపర్లు (పిన్నులకు తొడిగే చిన్న క్లిప్పులు) చూసి ఒకటి మాస్టర్, ఒకటి స్లేవ్ చెయ్యి. రెండూ మాస్టర్లయితే బయోస్‌కు ఏదీ కనబడకపోవచ్చు.

ఏ ఫైలూ 700లో ఇమడకపోతే ప్లాప్ అనే చిన్న బూట్ మేనేజర్ ఉంది. దాన్ని సీడీలో రాసి బూట్ చేస్తే, అది నీ పెన్‌డ్రైవ్‌ను లేపుతుంది. నత్తనడక నడుస్తుంది గానీ పనవుతుంది.

ఖాళీ సీడీలు అక్కడ దొరక్కపోతే వెతుక్కుంటూ తిరగకు. నా బీరువాలో సగం డబ్బా ఉంది, ఆదివారం వచ్చే మీ నాన్న చేతికి ఇచ్చి పంపిస్తా.

మీ మామ