2012 మోడల్ పాత కారు కొనేముందు ఏం చూడాలి?

మిర్యాలగూడలో 2012 మోడల్ పెట్రోల్ కారు బేరానికి వచ్చిందని, కొనొచ్చా అని అడిగారు. కొనొచ్చు, కానీ ముందు ఆర్సీ చూడండి. సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లే. అంటే 2027లో ఫిట్‌నెస్ చూపించి, గ్రీన్ ట్యాక్స్ కట్టి, ఇంకో 5 ఏళ్లకు రెన్యువల్ చేయించుకోవాలి. ఆ ఖర్చు ఇప్పుడే బేరంలో తగ్గించుకోండి.

బండి చూడటానికి పొద్దున్నే వెళ్లండి, మీరు వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని ముందే చెప్పండి. బానెట్ మీద చెయ్యి పెడితే చల్లగా ఉండాలి. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసినప్పుడు నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతున్నట్టే, ఆ బండి వదిలేయండి.

మన దగ్గరికి చాలా బండ్లు హైదరాబాద్ నుంచే వస్తాయి. 2020 అక్టోబర్ వరదల్లో అక్కడ ఎన్నో కార్లు మునిగాయి. అందుకే సీటు బెల్టును చివరిదాకా లాగి చూడండి. సీట్లు ఎంత కడిగినా, లోపల చుట్టుకుని ఉండే బెల్టు కొసన బురద మరక మిగిలిపోతుంది. కార్పెట్ ఎత్తి తుప్పు కూడా చూడండి.

టైరు మీద 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని అర్థం. అంత పాతవైతే మార్చాల్సిందే.

ఆర్సీలో ఫైనాన్స్ పేరుంటే బ్యాంకు ఎన్‌ఓసీ (అప్పు తీరిందని ఇచ్చే పత్రం), ఫారం 35 (ఆర్సీలో ఆ ఫైనాన్స్ పేరు తీయించేది) చేతికి రాకుండా పూర్తి డబ్బులు ఇవ్వకండి. చలాన్లు అమ్మేవాళ్లతోనే కట్టించండి. ఫారం 29, 30 మీద సంతకాలు తీసుకుని వెంటనే మీ పేరుకు మార్పించుకోండి. మాటల మీద నమ్మి బండి తెచ్చుకోకండి.