మూడో తరగతి పిల్లలతో పోస్టులు రాయించొచ్చా?

ప్రశ్న: నేను మూడో తరగతి టీచర్ని. పిల్లలు నోట్‌బుక్‌లో నాలుగు లైన్లు రాయమంటే బద్ధకిస్తారు, ఫోన్ అంటే మాత్రం ఎగిరి గంతేస్తారు. సోషల్ మీడియాతో చదవడం, రాయడం నేర్పొచ్చా? అకౌంట్లు ఓపెన్ చేయించాలా?

జవాబు: నేర్పొచ్చండీ, కానీ పిల్లలకి విడివిడిగా అకౌంట్లు అస్సలు వద్దు. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లకి కనీస వయసు 13 ఏళ్లు. క్లాసంతటికీ ఒకటే అకౌంట్, అదీ మీ చేతిలోనే, తల్లిదండ్రులకి మాత్రమే కనబడేలా పెట్టుకోండి, ముందే వాళ్ల అనుమతి రాయించి తీసుకోండి, పిల్లల ఫొటోలు, పూర్తి పేర్లు పెట్టకండి.

అసలు లాభం ఎక్కడంటే, టీచర్ దిద్దడానికి రాసేదానికీ నిజంగా ఎవరో చదువుతారని రాసేదానికీ చాలా తేడా ఉంటుంది. "ఈరోజు గింజ మొలిచింది" అని ఒకడు రాశాడనుకోండి, ఎవరి అమ్మో "ఏ గింజ? ఎన్ని రోజులకి?" అని కామెంట్ పెడుతుంది, అప్పుడు వాడంతట వాడే "చిక్కుడు గింజ, అయిదు రోజులకి" అని కలుపుతాడు, వివరంగా రాయరా అని మనం వందసార్లు చెప్పక్కర్లేదు, ఆ కామెంట్ చదవడం కూడా చదువే కదా. ముందు కాగితం మీద రాయించి, పక్కవాడికి పైకి చదివి వినిపించాకే టైప్ చేయించండి. నెట్ లేకపోతే గోడకి చార్టు అంటించి దాని మీదే పోస్టులు, కామెంట్లు రాయించండి, అదీ బాగానే పనిచేస్తుంది.